నాలుగు గంటల అట్టహాసం

ఆ రోజు ఉదయం సూపరింటెండెంటుగారి పథకం చాలా సులువైనది. మధ్యాహ్నంలోగా మీటింగు హాలును పాతకాలంలోకి పంపాలి. సాయంత్రం మేనేజరుగారిని ఇంటికి పంపాలి. ఆ తరువాత ఖాళీ అయిన కుర్చీలోకి తనను తాను పంపుకోవాలి. ఇన్నేళ్ళుగా పంపుల ఆఫీసులో పనిచేస్తున్న మనిషికి ఈ మూడు పంపడాలు ఒక లెక్కా అనుకున్నారు.

ఆయనది ఊరి నీటి సరఫరా ఆఫీసు. అక్కడ అందరూ ఆయన్ని ఎదురుగా సార్ అంటారు, వెనకాల కత్తెర అంటారు. ఎవరు వారం రోజులు సెలవడిగినా రెండు రోజులకు కత్తిరించినందుకు సిబ్బంది ఇచ్చుకున్న బిరుదు అది. బీపీ ఎక్కువైంది, ఏదైనా కాలక్షేపం చూసుకోండని డాక్టరు చెబితే, కత్తెరగారు పేరు నిలబెట్టుకుంటూ వెళ్ళి కాగితాలు కత్తిరించే క్లాసులో చేరారు. అప్పటినుంచి ఆయన బీపీ తగ్గింది. ఇంట్లోవాళ్ళది పెరిగింది.

ఆ క్లాసులో నేర్పేది కొత్త వస్తువును పాతది చేయడం. తెల్ల కాగితాన్ని టీ డికాషనులో నానబెట్టి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, అంచులు కొవ్వొత్తి మీద కాస్త కాలిస్తే దానికి నూరేళ్ళ వయసు వస్తుంది. దాని మీద పాత అచ్చుయంత్రాల నాటి బొద్దు అక్షరాలు, రోమన్ అంకెలు, గడియారం ముళ్ళు అతికిస్తే అది కళ అవుతుంది. డికాషను లేనిదే డెకరేషను లేదన్నది కత్తెరగారి సిద్ధాంతం. ఫలితంగా ఆ ఇంట్లో టీ అంటే వేడి పాలలో పంచదారే.

అట్ట గడియారం ఎలాగూ నడవదు కనుక దాని ముళ్ళను ఏదైనా ముఖ్యమైన వేళకు పెట్టి అతికించాలని క్లాసు మేడం చెప్పింది. కత్తెరగారింట్లో హాల్లో, వంటింట్లో, మెట్ల పక్కన వేలాడే అట్ట గడియారాలన్నీ ఏడున్నర చూపిస్తాయి. అది ఆయన పుట్టిన వేళ. లోకం పుట్టిన దగ్గరనుంచీ అంతకన్నా ముఖ్యమైన వేళ ఏదీ ఆయనకు తట్టలేదు. చూపు సరిగా ఆనని అత్తగారు మాత్రం వాటిని చూసినప్పుడల్లా రాత్రి వేసుకోవలసిన మాత్ర అడుగుతోంది.

"ఇంటినిండా గడియారాలే, టైమెంతయిందో మాత్రం పక్కింటికెళ్ళి అడిగొస్తున్నాను" అంది భార్య, ఆయన అట్టపెట్టెలు మోసుకెళ్తుంటే తలుపు తెరిచి పట్టుకుని. "ఇప్పుడు ఆఫీసుకి కూడా అంటిస్తున్నారా ఈ జబ్బు?"

"ఇవాళ పెద్ద మేడం వస్తోంది. నా చేతిపని కళ్ళారా చూస్తుంది. రేపట్నుంచి నువ్వు మేనేజరుగారి భార్యవి, తెలుసా?"

"సూపరింటెండెంటుకి భార్యనైనందుకే తాగడానికి టీ లేదు. వచ్చేటప్పుడు టీ పొడి పట్టుకురండి."

ఈ పెద్ద మేడం పై ఆఫీసులో ఉంటుంది. కిందున్న ఆఫీసుల్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో ఆవిడే తేలుస్తుంది. మేనేజరుగారికి ఇంకా సర్వీసు మిగిలే ఉంది. కానీ ఈ ఆఫీసులో మాట్లాడినా గోడకి చెప్పుకున్నా ఒకటేనని అలిగి, ముందే రిటైరైపోతానని అర్జీ పెట్టుకున్నారు. వీడ్కోలు సభకు మేడం స్వయంగా వస్తోంది. ఆ కుర్చీ ఎవరికన్నది సభ ముగిశాక అక్కడే చెబుతానంది. వరసలో మొదటివారు కత్తెరగారే. అయితే మేడంకు ఆయన సంతకం తెలుసు తప్ప ముఖం తెలియదు. ఆ ముఖానికి తగిన చట్రం కట్టుకునే అవకాశం ఇదొక్కటే.

మేనేజరుగారి అలకలో నిజం లేకపోలేదు. కానీ వినేవాళ్ళ తప్పూ లేదు. ఆయన ఉపన్యాసం పగిలిన మెయిన్ పైపు. దానికి ఒకే ఒక్క వాల్వు ఉంది, మీటింగు హాల్లో గోడ గడియారం. ఎదుటివాళ్ళ ఆవులింతలు ఆయనకు కనిపించవు కానీ గడియారమంటే మహా గౌరవం. ఫలానా టైముకి ఆపుతానన్నారంటే, ముల్లు అక్కడికి రాగానే సగం మాట నోట్లో ఉంచుకుని అయినా కూర్చుంటారు. అందుకని ఆ ఆఫీసులో ఒక రహస్య సంప్రదాయం ఏర్పడింది. మీటింగు ఉన్న రోజు పొద్దున్నే అటెండరమ్మ స్టూలెక్కి ఆ గడియారాన్ని పావుగంట ముందుకు జరుపుతుంది. ఈ ఒక్క సేవకే ఆఫీసంతా ఆవిడను కన్నతల్లిలా చూసుకుంటుంది.

కత్తెరగారు హాల్లోకి వచ్చి చూస్తే కళ్ళలో ముల్లులా కనిపించింది ఆ గడియారమే. తెల్ల ప్లాస్టిక్కు, మధ్యలో ఏదో కుళాయిల కంపెనీ బొమ్మ. నూరేళ్ళు వెనక్కి పంపదలచిన గోడ మీద ఇదేం దరిద్రం అనుకుని, డికాషనులో నానిన గుండ్రటి కాగితం ఒకటి తీసి గడియారం అద్దం మీద అతికించారు. దాని మీద రోమన్ అంకెలు, నల్లట్టతో కత్తిరించిన ముళ్ళు. సభ మొదలయ్యే వేళ జ్ఞాపకంగా నిలిచిపోవాలని ముళ్ళను సరిగ్గా నాలుగుకు పెట్టి జిగురు రాశారు.

అటెండరమ్మ ఆదుర్దాగా వచ్చి, "అయ్యా, ఆ గడియారం..." అంది.

"దాని సంగతి నాకొదిలెయ్యి."

"అది కాదండి. దాన్ని చూస్తేనే కదా మేనేజరుగారు..."

"నేననేదీ అదే. చూడ్డానికి బాగుండాలి."

ఇక ఆవిడ నోరు కట్టేసుకుంది. కత్తెరగారు కిటికీలకు గోధుమరంగు కాగితం కట్టేసి వెలుతురును కత్తిరించారు. మిగతా గోడలనిండా అట్ట గడియారాలు తగిలించారు. వేదిక వెనక దారానికి ఒక్కొక్క అక్షరమే జిగురుతో అంటించి, చెయ్యెత్తు అక్షరాలతో 'వెళ్ళి రండి' అని వేలాడదీశారు. గుమ్మం దగ్గర పాత ట్రంకు పెట్టెలాంటి అట్టపెట్టె ఒకటి పెట్టారు. పాతకాలంలో చేతి గడియారాలు, సెల్‌ఫోన్లు లేవు కనుక లోపలికి వచ్చేవాళ్ళు వాటిని అందులో వేసి రావాలి. అట్టతో ఆయన చేసిన ఈ హాసాన్ని చూసి క్యాషియరు, అట్టహాసమంటే ఇదేనన్నమాట అని మెచ్చుకున్నాడు. అది పొగడ్తేనని కత్తెరగారు నమ్మారు.

సాయంత్రం మేడం రానే వచ్చింది. చుట్టూ చూసి బాగుందంది. ఎవరు చేశారని అడిగింది. కత్తెరగారికి అక్కడే కుర్చీ కాళ్ళ శబ్దం వినిపించింది. అయితే పెట్టె దగ్గర ఆవిడ కాస్త వెనకాడింది. ఆరు గంటలకు రైలుందట. ఐదింటికి ఫోనులో అలారం పెట్టుకుందట, డ్రైవరు కూడా ఫోను చేస్తాడట.

"మేనేజరుగారు అరగంటలో ముగిస్తారు మేడం. టైమంటే ఆయన ప్రాణం" అంటూ కత్తెరగారు సుతారంగా ఆవిడ చేతిలోంచి ఫోను తీసుకుని పెట్టెలో వేశారు. అందరివీ పడ్డాక, అచ్చమైన పాత పెట్టెలా కనిపించాలని మూత చుట్టూ జిగురు దట్టంగా పూసి అట్టపట్టీ బిగించారు. అది తెరవడం ఎలాగన్న ప్రశ్న కళాకారుడికి రాదు.

మేనేజరుగారు లేచి గొంతు సవరించుకున్నారు. ఎదుటి గోడ మీద, ఎప్పుడూ చూసే చోటే చూసి, "నాలుగైంది. నాలుగున్నరకి ఆపేస్తాను" అన్నారు. అందరూ నమ్మకంగా చప్పట్లు కొట్టారు. బిస్కెట్లు, కూల్ డ్రింకులు ఉపన్యాసం తరువాతే.

ఆయన ఉద్యోగంలో చేరిన రోజు తొడుక్కున్న చొక్కా దగ్గర మొదలుపెట్టారు. చొక్కా గుండీలు ఊడిన వృత్తాంతం ముగించి గోడ వైపు చూశారు. నాలుగు. మొదటిసారి పైపు పగిలిన వీధి, రెండోసారి పగిలిన వీధి, పగులుతుందని ఆయన చెప్పినా ఎవరూ వినకపోతే పగిలిన వీధి చెప్పి మళ్ళీ చూశారు. నాలుగు. "ఇంకా నాలుగే" అన్నారు ఆశ్చర్యంగా, ఆనందంగా. కాలం తనను ఇంత దయగా చూడడం ఆయన జీవితంలో అదే మొదలు.

అప్పుడు పడింది కత్తెరగారి గుండెలో గడియారం ముల్లు. వాల్వు మీద తానే జిగురు పూశారు. నిజం చెప్పాలంటే గడియారాన్ని చంపింది తానేనని మేడం ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అందరూ కలిసి చావాలి. మధ్యేమార్గంగా ఆయన మెల్లగా స్టూలెక్కి, ఎవరూ చూడకుండా అట్ట ముల్లును కాస్త ముందుకు తోయబోయారు. జిగురు మంచిది. ముల్లు కదల్లేదు, స్టూలు కదిలింది.

"కూర్చోండి. పెద్దాయన మాట్లాడుతుంటే గోడలెక్కుతారేంటి?" అంది మేడం. ఆ విధంగా ఆవిడకు ఆయన ముఖం బాగా గుర్తుండిపోయింది.

కాసేపటికి అట్టపెట్టెలోంచి గణగణమని గంటలు మోగాయి. అది మేడం పెట్టుకున్న అలారం. మేనేజరుగారు మాట ఆపి మురిసిపోయారు. "గంటలు కూడా కొట్టించారా? నాలుగు కొట్టింది చూడండి. ఎంత శ్రద్ధండీ" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. మేడం కూడా కొట్టింది, తన అలారానికి తానే. ఆ తరువాత డ్రైవరు చేసిన ఫోనుకూ, ఇంకెవరి భార్యలో చేసిన ఫోన్లకూ వరసగా చప్పట్లు పడ్డాయి.

హాల్లో వేడి పెరిగింది. వేదిక వెనక జిగురు కరిగి 'వె' మెల్లగా ఊడి, తేలుతూ వచ్చి ముందు వరసలో ఉన్న క్యాషియరు నెత్తిన పడింది. అతను దాన్ని తీసి విసనకర్రగా వాడుకుంటూ, "సార్, ఇది వీడ్కోలా, నిరాహార దీక్షా?" అని చెవిలో అడిగాడు. పట్టాల్సిన చోట పట్టని జిగురు, వదలాల్సిన చోట వదలదని కత్తెరగారికి అప్పుడర్థమైంది. ఇంకాసేపటికి 'ళ్ళి' కూడా రాలి మేడం ఒళ్ళో వాలింది.

ఆవిడ దాన్ని పక్కన పెట్టి ముందుకు వంగి కూర్చుంది. చేతిలో ఫోను లేదు, కిటికీలోంచి చూద్దామంటే కిటికీ లేదు, చూసుకోవడానికి టైము లేదు. వేరే దారి లేక ఆవిడ వింటోంది. మీటింగుల్లో ఎప్పుడూ చేయని పని కావడంతో మొదట ఇబ్బంది పడినా, మెల్లగా అలవాటైంది. మేనేజరుగారు అప్పుడు పాత బడి మెట్ల కింద పూడిపోయిన వాల్వు గురించి చెబుతున్నారు.

"ఒక్క నిమిషం. ఆ వాల్వు కోసం మా ఇంజనీర్లు ఏడాదిగా వీధులన్నీ తవ్విపోస్తున్నారు. ఎక్కడుందో మీకు తెలిస్తే చెప్పరేం?"

"మీ ఆఫీసులో పోయిన మూడు మీటింగుల్లోనూ చెప్పాను మేడం. మీరు ఫోను చూసుకుంటున్నారు."

మేడం కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుని, ఇంకా ఏమేం చెప్పారో మళ్ళీ చెప్పండంది. అంతే. ఉన్న ఒక్క గేటూ ఎత్తేశారు.

చివరికి తలుపు తోసుకుని వాచ్‌మన్ వచ్చాడు. ఎనిమిదైంది, తాళాలు వేసుకోవద్దా అని అడిగాడు. అందరూ గోడ వైపు చూశారు. నాలుగు. అందరూ కత్తెరగారి వైపు చూశారు.

"ఎనిమిదా?" అంది మేడం. "అంటే నాలుగు గంటలసేపు విన్నామా?"

"క్షమించాలి మేడం" అన్నారు మేనేజరుగారు సిగ్గుపడిపోతూ. "గడియారం నాలుగు దాటకపోతే..."

"రైలు పోతే పోయింది, రేపుంటుంది. మీరు పోతే ఇంకెవరున్నారు ఇవన్నీ తెలిసినవాళ్ళు? ఆ అర్జీ వెనక్కి తీసుకోండి."

"వినేవాళ్ళుంటే నేనెక్కడికి పోతానండి" అన్నారు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. ఆయన నెత్తి మీద, మిగిలిన రెండక్షరాలూ గట్టిగా అతుక్కుని 'రండి' అంటున్నాయి.

పెట్టె తెరవడానికి కత్తెరగారి కత్తెరే కావలసివచ్చింది. నెలరోజుల కళను ఆయన చేతులతో ఆయనే కోస్తుంటే మేడం పక్కనే నిలబడి, ఫోన్లు దాచి గడియారం ఆపాలన్న ఆలోచన ఎవరిదని అడిగింది. జవాబు చెప్పకముందే ఆఫీసంతా ఒక్క వేలై ఆయన్ని చూపించింది.

"చాలా బాగుంది. ఇకమీదట ప్రతి మీటింగుకీ ఇలాగే చెయ్యండి. మీరే చూసుకోండి" అంది మేడం. అడిగిన సెలవు ఏనాడూ పూర్తిగా దక్కని సిబ్బంది ఆయన్ని చూసిన చూపును ఇక్కడ వర్ణించడం బాగుండదు.

టీ పొడి కొనకుండానే ఇల్లు చేరిన కత్తెరగారిని, మేనేజరుగారు వెళ్ళిపోయారా అని భార్య అడిగింది. లేదు, వచ్చారన్నారు ఆయన. టైమెంతైందో తెలుసా అని ఆవిడ అడగబోయి, గోడ మీద ఏడున్నర చూసి ఊరుకుంది. అత్తగారు మాత్ర అడిగింది. ఈసారి అడగడంలో తప్పులేదు.

మరునాడు ఉదయం ఎవరూ రాకముందే కత్తెరగారు స్టూలెక్కి, గోడ గడియారం మీది కాగితాన్ని గోళ్ళతో గీకి తీశారు. కింద ప్లాస్టిక్కు గడియారం నిక్షేపంగా నడుస్తోంది. అటెండరమ్మ నిన్న పొద్దున్నే తన బాధ్యత నెరవేర్చే ఉంది. గడియారం పావుగంట ముందుంది, కుర్చీ మాత్రం కొన్నేళ్ళు వెనక్కి జరిగింది.