అక్క కోసం ఆగిన ఆట

ఆ శనివారం కళ్లజోళ్ల డాక్టరమ్మ ఒక్క పూట సెలవు పెట్టుకుంది. పన్నెండేళ్లలో ఆమె దుకాణం మూసిన రోజులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కింద దుకాణం, పైన ఇల్లు. ఒంట్లో బాగోలేకపోయినా పదింటికి షట్టరు లేవాల్సిందే. కానీ ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఆమె ఆరేళ్లుగా ఆడుతున్న ఆట మూతపడబోతోంది. ఇక నడపలేమని కంపెనీ వాళ్లు చెప్పేశారు. పన్నెండు దాటాక ఎంత వెతికినా అది ఎక్కడా దొరకదు.

ఆన్‌లైన్‌లో ఆరుగురేసి రెండు జట్లుగా ఆడే తుపాకుల ఆట అది. జట్టులో ఎవరి పని వారిదే. ఒకరు పెద్ద డాలు పట్టుకుని ముందు నిలబడాలి. ఒకరు పరుగెత్తుకెళ్లి జెండా లాక్కురావాలి. ఒకరు దూరం నుంచి గురిచూసి కొట్టాలి. దెబ్బతిన్నవారి గాయాలు మాన్పి, పడిపోయినవారిని లేపే పని ఇంకొకరిది. ఈ పని కోసం ఎవరూ ఎగబడరు, ఎందుకంటే అందులో చప్పట్లు ఉండవు. డాక్టరమ్మ ఆరేళ్లూ అదే చేసింది. అవతలి జట్ల వాళ్లు కూడా ఆమెను అక్క అనే పిలిచేవారు.

"ఏమండీ, షట్టరు మీద ఓ కాగితం అంటించండి. ఆటకి ఇవాళ ఆఖరి రోజు, మధ్యాహ్నం తర్వాత రండి అని రాయండి," అని భర్తకు చెప్పి ఆమె లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆయన బస్సు డిపోలో టైమ్ కీపర్. దస్తూరి అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఆట అనే మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్ను ఆగిపోయింది. కళ్లు పరీక్ష చేసే మనిషి పట్టపగలు దుకాణం కట్టేసి తుపాకుల ఆట ఆడుతోందంటే వీధిలో తల ఎత్తుకోవడం ఎలా? ఆయన ఆ ఒక్క మాట వదిలేశాడు. 'ఇవాళ ఆఖరి రోజు. మధ్యాహ్నం తర్వాత రండి' అని పెద్ద అక్షరాలతో రాసి, నాలుగు మూలలా టేపు వేసి, నిశ్చింతగా పైకి వచ్చేశాడు.

పదకొండింటికి పక్క దుకాణంలో కుట్టుపని చేసే ఆవిడ వచ్చింది. ఆవిడ కళ్లజోడు రిపేరుకిచ్చి రెండు రోజులైంది. కాగితం మీద ఏముందో కనపడక, దారిన పోయే ఒకాయన్ని చదవమంది. విన్నదే తడవుగా గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, ఖాళీ చేసేస్తోందా? మాట మాత్రమైనా చెప్పలేదే! నా కళ్లజోడు లోపలే ఉండిపోయింది!"

వెంటనే ఇంటి యజమానికి ఫోన్ చేసింది. నాకు తెలియకుండా ఎలా ఖాళీ చేస్తారంటూ ఆయన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయల్దేరాడు. ఎదురుగా ఉన్న మందుల షాపాయనకు ఆవిడే చెప్పింది. అద్దాలు చేయించుకోవడానికి ఇచ్చినవాళ్లందరికీ మందుల షాపాయన చెప్పాడు. పదకొండున్నర దాటేసరికి పధ్నాలుగు మంది మెట్ల మీద బారులు తీరారు.

తలుపు తట్టబోయిన మందుల షాపాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లోపల్నుంచి డాక్టరమ్మ గొంతు వినిపిస్తోంది.

"కదలకు, నేను వస్తున్నా! ఊపిరి ఉందా? ఒక్క నిమిషం ఓర్చుకో నాన్నా... అయ్యో, వీడు కూడా పోయాడు!"

"ఎవరు పోయారు?" అన్నాడు యజమాని.

"ఇద్దరు పోయినట్టున్నారు," అన్నాడు మందుల షాపాయన. కిందికి పరుగెత్తి రక్తపోటు చూసే మిషనూ, దూదీ పట్టుకొచ్చాడు. కుట్టుపని ఆవిడ కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి, తీయడం మానేసింది.

లోపల టైమ్ కీపరు కంగారుపడిపోయాడు. భార్య ఆఖరి ఆట ఆడుతుంటే ఈ మోత ఏమిటి? బెల్ ఆపుదామని స్విచ్‌బోర్డు దగ్గరికి ఒక్క అంగలో వెళ్లి చేతికందిన స్విచ్ కట్టేశాడు. బెల్ ఆగింది. ఆ పక్కనే మిణుకుమిణుకుమంటున్న ఇంటర్నెట్ పెట్టె కూడా ఆగింది. అప్పుడు సమయం పదకొండు నలభై ఒకటి.

తలుపు తీయగానే పధ్నాలుగు మందీ హాల్లోకి వచ్చి పడ్డారు. లోపలి గదిలోంచి డాక్టరమ్మ చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్ మెడలోకి జార్చుకుని బయటికి వచ్చింది.

"శవాలెక్కడమ్మా?" అన్నాడు మందుల షాపాయన.

"శవాలేంటండీ? నెట్ పోయింది."

స్విచ్ దగ్గర దోషిలా నిలబడ్డ భర్తను చూసి ఆమెకు సంగతి అర్థమైంది. ఆయన ఒప్పేసుకున్నాడు. "తప్పు నాదే. ఆట అని రాయడానికి నామోషీ అనిపించి, ఆ మాట తీసేశాను."

ఆ గదిలో అరిచే హక్కు ఎవరికైనా ఉందంటే అది ఆమెకే. ఆమె ఆ స్విచ్ మళ్లీ వేసి పెట్టె వైపు చూసింది. ఎర్ర లైటు వెలిగింది. అది పచ్చబడటానికి ఆరేడు నిమిషాలు పడుతుంది.

"ఇది పచ్చబడేదాకా చేసేదేముంది గనక," అంటూ అలమరలోంచి ఒక డబ్బీ తీసింది. "అమ్మా, మీ జోడు సిద్ధంగానే ఉంది. ఇలా కూర్చోండి."

కుట్టుపని ఆవిడ చెవుల వెనక కాడలు సరిచేసి, ముక్కు మీద నొక్కుతోందా అని రెండుసార్లు అడిగి, మళ్లీ వంచి పెట్టింది. చేతులు పని మీదే ఉన్నాయి. కళ్లు మాత్రం మాటిమాటికీ గోడ గడియారం మీదికి వెళ్తున్నాయి. అది గమనించి యజమాని అడగడానికి తెచ్చుకున్న ప్రశ్నలన్నీ మింగేశాడు.

లైటు పచ్చబడింది. డాక్టరమ్మ లోపలికి పరుగెత్తింది, వెనకే అందరూ. ఆట మళ్లీ తెరుచుకునేసరికి పదకొండు యాభై. ఈపాటికి తన జట్టును చితక్కొట్టి ఉంటారనుకుంది ఆమె. జట్టులో మాన్పేవాళ్లు లేకపోతే రెండు నిమిషాలు కూడా నిలవలేరు.

తెర మీద ఆమె కాలుపెట్టిన గేటు ముందు పదకొండు మంది నిలబడి ఉన్నారు, రెండు జట్లూ కలిసి. తుపాకులన్నీ నేల వైపు దించి ఉన్నాయి. జెండా దాని చోటే ఉంది. గద్ద అనే పేరుతో ఆడే అవతలి గురికాడు, ఆరేళ్లలో ఆమెను కొన్ని వందల సార్లు పడగొట్టినవాడు, అందరికంటే ముందు ఉన్నాడు.

"వచ్చావా అక్కా? నువ్వు వెళ్లాక ఎవ్వరం ఒక్క గుండు కూడా కాల్చలేదు," అన్నాడు.

"ఉన్న కాస్త టైమూ ఎందుకు పాడుచేసుకున్నారు?"

"నువ్వు లేనప్పుడు గెలిస్తే అదేం గెలుపు?"

డాక్టరమ్మ హెడ్‌ఫోన్ సర్దుకుంటున్నట్టు నటించి కళ్లు తుడుచుకుంది.

"సరే, ఇక మొదలెడదామా?" అన్నాడు గద్ద. మొదలెట్టి, మొట్టమొదటి గుండు ఆమెకే కొట్టాడు.

ఆ తర్వాత గదిలో ఎవరూ కూర్చోలేదు. తన భార్య ఎక్కడ ఉందో, పచ్చటి వెలుగు ఎందుకు వస్తోందో, డాలు పట్టుకున్నవాడి వెనకే ఎందుకు నడవాలో టైమ్ కీపరే అందరికీ విడమరిచి చెప్పాడు. "చూశారా, మళ్లీ లేపింది! మా ఆవిడ!" అని ఆయన అరిచిన అరుపు కింద వీధిలోకి వినిపించింది. ఇంకా ఒక్క నిమిషం ఉందనగా డాలు పట్టుకున్నవాడు కూలాడు. ఆమె గుండ్ల మధ్యలోకి దూరి వాణ్ణి లేపింది. వాడి చాటున జట్టు జెండా తెచ్చేసింది.

"మీరెంతమందిని కొట్టారమ్మా?" అన్నాడు మందుల షాపాయన, దూది ఇంకా చేతిలోనే ఉంది.

"ఒక్కళ్లని కూడా కొట్టలేదండీ. నలభై మూడు సార్లు లేపాను."

ఆ మాటకు మందుల షాపాయన లేచి నిలబడబోయాడు. అప్పటికే నిలబడి ఉన్నానని గుర్తొచ్చి, చేతులు జోడించాడు.

పన్నెండైంది. "ఉంటానక్కా," అన్న గొంతు సగంలోనే తెగి, తెర నల్లబడింది. కుట్టుపని ఆవిడ డాక్టరమ్మ భుజం మీద చెయ్యి వేసింది. జనంలో ఎవరో ముక్కు చీదారు. ఇంత మంచి ఆటను మూసేసే ముందు ఎప్పట్నుంచో చూస్తున్నవాళ్లని ఒక్క మాట అడగక్కర్లేదా అని ఇంటి యజమాని మండిపడ్డాడు. ఆయన చూడటం మొదలుపెట్టి అప్పటికి పది నిమిషాలైంది.