బావిలో పడిన గాలి

ఆ రోజు పొద్దున్న బసవమ్మ అనుకున్న పని ఒక్కటే. ఎండ ఎక్కకముందే ఆవకాయ కలిపేయాలి. కాయలు ముందురోజే దింపించింది. పాలేరు పోతురాజు అరుగు మీద కూర్చుని ముక్కలు కొట్టేశాడు. ఆవపిండీ, కారం, ఉప్పూ పళ్ళాల్లో సిద్ధంగా ఉన్నాయి. శుక్రవారం విశాఖపట్నంలో ఓడ ఎక్కబోయే మనవరాలి మొగుడికి ఒక జాడీ కట్టి పంపాలి. జాడీనే. మనవరాలు పార్వతిని మాత్రం పంపేది లేదని ఆవిడ మూడు రోజులుగా చెబుతూనే ఉంది.

ఆ మొగుడు రామచంద్రరావుకి అండమాన్‌లో ఉద్యోగం. దీవి చుట్టూ సముద్రం అడుగున పగడాల దిబ్బలుంటాయట. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని దిగి, అవి ఏ ఏడు ఎంత పెరిగాయో కొలిచి రావడం అతని పని.

"పగడమంటే పూస కదా బాబూ, పెరగడమేంటి?" అని అతను వచ్చిన రోజే బసవమ్మ అడిగింది.

"చెట్టులాగే పెరుగుతుందండీ అమ్మమ్మగారూ. కొమ్మలూ రెమ్మలూ వేస్తుంది. మన తోటలో చిలకలు తిరిగినట్టు వాటి మధ్య చేపలు తిరుగుతుంటాయి."

"చెట్లు చూడాలంటే నూజివీడు చుట్టూ ఉన్నవన్నీ చెట్లే. దానికి నీళ్ళలో మునగడం దేనికి నాయనా? నా పిల్లని ఆ నీళ్ళ మధ్యకి పంపను."

అసలు సంగతి బసవమ్మకీ పార్వతికీ తప్ప మూడో మనిషికి తెలియదు. పార్వతి మోకాటి లోతు కాలవ దాటాలన్నా పమిట చెంగు కొరుక్కునే రకం. మొగుడు గుమ్మంలో అడుగు పెట్టిన పూటే అమ్మమ్మ చెవిలో, "నేనే రానంటే ఆయన బాధపడతారు, నువ్వే పంపనని చెప్పవూ" అంది. చిన్నప్పుడే తల్లి పోతే చంకనేసుకుని పెంచిన పిల్ల. ఆ కాస్త చెడ్డపేరూ తన నెత్తిన వేసుకుంటే పోయేదేముందనుకుంది బసవమ్మ. కానీ ఈ ఓడ తప్పితే అతనికి మళ్ళీ సెలవు వచ్చే వేసవికే. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ముద్ద మింగుడు పడడం లేదు.

రామచంద్రరావు విశాఖలో గాలి పట్టించిన సిలిండరు ఒకటి వెంట తెచ్చాడు. ఎండ తగలకూడదని వంటింట్లో నీళ్ళకుండల పక్కన పెట్టాడు. "ఏముంది బాబూ అందులో?" అంటే, "గాలేనండీ" అన్నాడు. ఆ పొద్దున్న పార్వతికి చూపిద్దామని గొట్టం కూడా బిగించాడు. ఆ పిల్ల "తర్వాత చూస్తాలెండి" అని పెరట్లోకి జారుకుంది. అతను చిన్నబోయి, తువ్వాలు భుజాన వేసుకుని తోటలో మోటారు దగ్గరికి స్నానానికి వెళ్ళాడు.

అప్పుడొచ్చింది పక్కింటి కనకమ్మ, ఆవకాయకి చేయి సాయానికని. వస్తూనే కుండల వైపు చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. "వదినా! గ్యాసొచ్చిందా? మాట మాత్రం చెప్పలేదే!"

"గ్యాసో ఏంటో, గాలన్నాడు."

"గ్యాసంటే గాలే కదా! విస్సన్నపేటలో మా చెల్లెలు పేరు రాయించుకుని మూడేళ్ళ నుంచి కూర్చుంది. నువ్వు పొగలో కళ్ళు నులుముకోవడం చూసి తెచ్చుంటాడమ్మా."

బసవమ్మ మనసు వెన్నలా కరిగిపోయింది. పెళ్ళాన్ని పంపననే ముసలిదానికి ఎవడు తెస్తాడు గ్యాసు? కళ్ళు చెమ్మగిల్లితే చేత్తో తుడుచుకుంది. ఆ చేతికి అప్పటికే మోచేతి దాకా ఆవకాయ కారం ఉంది.

సరిగ్గా అదే క్షణాన కనకమ్మ, "ఎలా తిప్పుతారో" అంటూ సిలిండరు పైన ఉన్న బిరడా తిప్పింది. గొట్టం చివర నుంచి సుయ్యిమని శబ్దం. బసవమ్మ, "అమ్మో! కళ్ళు! మంట!" అని కేక.

"గ్యాసు కళ్ళకెక్కింది! పోతురాజూ, పరిగెత్తుకురా!"

పోతురాజు వెనకా ముందూ చూసే మనిషి కాదు. తడి గోనె కప్పి, సిలిండరుని భుజానికెత్తుకుని, దొడ్లోని మెట్లబావిలోకి విసిరేశాడు. "నిప్పయినా గ్యాసయినా నీళ్ళలోనే చావాలండీ" అంటూ లోపలికి తొంగిచూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. నీళ్ళు కుతకుతమంటున్నాయి. "అమ్మగారూ, బావి మరుగుతోందండీ!"

ఆ మాటకి ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు బావి చుట్టూ చేరారు. రామచంద్రరావు తువ్వాలుతో తిరిగొచ్చి, "నా సిలిండరేదండీ?" అన్నాడు.

"బావిలో ఉంది బాబూ," అంది బసవమ్మ కళ్ళు తెరవలేక.

అతను బుడగలు చూశాడు. పట్టించిన గాలంతా పోతోంది. మారు మాట్లాడకుండా బావిలో దూకేశాడు.

"అలిగాడు," అంది కనకమ్మ.

"అలిగితే మంచమెక్కుతారు గానీ బావిలో దూకుతారా?" అంది ఎవరో.

"తెచ్చిన గ్యాసు పారేస్తే ఏ కొత్తల్లుడు ఊరుకుంటాడు? దానికి తోడు పెళ్ళాన్ని పంపనన్నారాయె!"

కింద జరుగుతున్నది వేరు. పాత చేంతాడు ఒకటి గొట్టానికి చుట్టుకుపోయింది. అతను గొట్టం నోట్లో పెట్టుకుని, నింపాదిగా ఊపిరి పీలుస్తూ, ఆ చిక్కు విప్పుకుంటున్నాడు. నోటితో పీలిస్తే గాలి వృథాగా పోదు, ఊపిరి వదిలినప్పుడే నాలుగు బుడగలు పైకొస్తాయి. పైనున్న వాళ్ళకి ఆ బుడగలు ఆగి ఆగి వస్తున్నాయి.

"ఆఖరి ఊపిర్లు," అంది కనకమ్మ సన్నగా.

బసవమ్మ గట్టు పట్టుకుని వంగింది. "బాబూ, పైకి రా నాయనా! నేను కాదయ్యా..." అంటూ ఆగిపోయింది. ఆ మాట పూర్తిచేస్తే పిల్ల గుట్టు బయటపడుతుంది. మింగేసి, "పంపిస్తానయ్యా! ఓడేంటి, తెప్ప మీదైనా పంపిస్తా!" అని అరిచింది.

అప్పుడు పార్వతి అందర్నీ తోసుకొచ్చి మెట్లు దిగింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, నడుము లోతు నీళ్ళు. "ఏవండీ! అమ్మమ్మ కాదండీ, నేనే భయపడి చెప్పించాను! నేనొస్తాను, మీరు రండి!"

రామచంద్రరావు సిలిండరుని చంకన పెట్టుకుని ఆ మెట్టు దగ్గరే పైకి తేలాడు. నోట్లోంచి గొట్టం తీసి, "ఏంటి గొడవ? కింద ఏమీ వినపడదు," అన్నాడు. ఆ తర్వాత పార్వతిని చూసి, "ఇంత లోతుకి ఎలా దిగావు?" అన్నాడు.

పార్వతి అప్పుడు తన నడుము వంక చూసుకుంది. అతను ఒక్క మాటా వినలేదు. కావాలంటే అన్నవన్నీ వెనక్కి తీసుకోవచ్చు. కనకమ్మ చెప్పబోతుంటే బసవమ్మ జబ్బ గిల్లింది.

"గొట్టం చూపిస్తానన్నారుగా," అంది పార్వతి. "చూపించండి."

అతని మణికట్టు రెండు చేతులా పట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, ముఖం నీళ్ళలో ముంచింది. నాలుగు బుడగలు వచ్చాయి. ఇంకో నాలుగు. పార్వతి తల పైకెత్తి, జుట్టంతా నీళ్ళు కారుతుంటే, "అమ్మమ్మా! అడుగున మెట్లన్నీ కనిపిస్తున్నాయే! అంతా పచ్చగా, ఎంత బావుందో!" అంది.

బసవమ్మకి ఆ క్షణాన నిజంగానే మనవరాలిని పంపబుద్ధి కాలేదు. కానీ పంపనని చెప్పమని అడిగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కుని, ఒక జాడీ అనుకున్న చోట రెండు జాడీల ఆవకాయ కలిపింది. కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయంటే కారమని చెప్పింది. అందరూ నమ్మారు.

ఆ ఏడు నుంచి ఆ ఊళ్ళో కొత్తల్లుడు వస్తున్నాడంటే చాలు, ముందు బావి మీద మూత వేస్తున్నారు.