మంత్రిగారికి నీలిపూల స్వాగతం

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులు. ఆ ఏడాది మొదట్లో నా చేతిలో ఉన్నవి జువ్వలదిన్నె దగ్గరి పట్టపుపాలెంలో ఒక చిల్లర కొట్టు, దాని వెనక ఒక నీలి చిత్రమూలం పొద. పొద బాగానే పూసేది. కొట్టు గురించి ఆ మాట అనలేను.

వలలు ఆరేసే ఇసకలో కుర్చీ వేయించుకుని సమితి ప్రెసిడెంటు హజరత్తయ్యగారు ప్రకటించారు: "మే నెలలో మంత్రిగారు వస్తా ఉన్నారు. మీరడిగిన మంచినీళ్ల బావి శాంక్షను చేసేది ఆయనే. పైన ఆకాశం నీలం, పక్కన సముద్రం నీలం. నేల ఒక్కటే వెనకబడిపోయింది. దాన్ని డెవలప్ చెయ్యాల!"

అంత దూరదృష్టి గల నాయకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. నా పొదను ముక్కలు కోయించి బాట పొడవునా నాటించారు. నన్ను ఉద్యానవన కమిటీ కన్వీనరును చేశారు. వచ్చిన ఆఫీసర్లంతా నా కొట్లోనే సోడా తాగాలన్నది నా ఏకైక షరతు.

పాలెం వాళ్ళు తమకు తెలిసిన సేద్యమే చేశారు. ఉప్పుచేపలు కడిగిన నీళ్లు పోశారు. వారానికి ఆకులు మాడాయి.

"కొబ్బరిచెట్లకు ఇయ్యే పోస్తాం గదన్నా, ఏం కాదే!" అంది నాతో ఆదిశేషమ్మ. చేపలమ్ముకునే మనిషి. తాగే నీళ్ల కోసం రోజూ దూరాన ఉన్న మంచినీటి కాలువ దాకా నడిచేది.

"మంత్రిగారు కొబ్బరిచెట్లు చూసేదానికి రావడంలే," అన్నారు ప్రెసిడెంటుగారు. "ఇంటికో బిందె మంచినీళ్లు పొయ్యండి."

"తాగేదానికే లేక గదా సామీ బావి అడిగింది!"

"బావి కావాలంటే పూలు పూయాల."

"మరి బిడ్డలకో?"

"నీ బిడ్డలు పూస్తారా?"

మర్నాటి నుంచే పొదల దగ్గరికి బిందెలు వచ్చాయి. పిల్లల స్నానాలు సముద్రానికి మారాయి. కొత్త చిగురుకే పూత కాబట్టి నేను ముదురు రెమ్మలు కత్తిరించాను. ప్రెసిడెంటుగారు హడలిపోయి, ఇకమీదట తీర్మానం లేనిదే కత్తెర ముట్టరాదన్నారు.

మే నెలకు బాటకు రెండు పక్కలా నీలం విరగబూసింది. మంత్రిగారు జీపు దిగి ఒక గుత్తి పట్టుకున్నారు. చిత్రమూలం పూలకు కింద జిగురుంటుంది. గుత్తి ఖద్దరు కండువాకు అతుక్కుని ఊడి రాలేదు.

"ప్రజాభిమానం సార్," అన్నారు ప్రెసిడెంటుగారు.

ఆదిశేషమ్మ ఖాళీ బిందెతో ముందుకొచ్చింది. "సామీ, మా బావి..."

మంత్రిగారు ఆ బిందెలో పూలు పెట్టి, ఆమె పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. తర్వాత ఇంజనీరు వైపు తిరిగారు.

"నడివేసవిలో ఇన్ని పూలా! ఇక్కడ నీళ్లకేం తక్కువయ్యా? ఆ బావిని ఎండిపోయిన ఊరేదైనా చూసి రాసెయ్యండి."

చప్పట్లు మోగాయి. ముందు కొట్టింది ప్రెసిడెంటుగారే.

ఏడాది చివర లెక్క చూసుకుంటే అందరికీ లాభమే. ప్రెసిడెంటుగారికి జిల్లా బహుమతి వచ్చింది. నా సోడాలు బాగా పోయాయి. పాలేనికి 'ఆదర్శ ఉద్యాన గ్రామం' అని బోర్డు, పొదలు ఎండితే జరిమానా అని ఉత్తర్వు వచ్చాయి. ఆదిశేషమ్మ కాలువకు రోజూ రెండుసార్లు వెళ్లడం మొదలుపెట్టింది.