నట్టు జెనీవా వెళ్ళింది

నీళ్ళు కావాలంటే నీళ్ళు వదిలితే చాలుననుకునేవాళ్ళు ఉత్త అమాయకులు. నీళ్ళు కావాలంటే ముందు సమావేశం కావాలి. సమావేశానికి దేశాలు కావాలి. దేశాలకు జెండాలూ, పొడుగాటి బల్లా, దాని మీద పరవడానికి ఆకుపచ్చ గుడ్డా కావాలి. ఇవన్నీ అమర్చాక కూడా నీళ్ళు రాలేదంటే ఆ తప్పు నీళ్ళది!

ఇది గాలి కబురు కాదు. ఫెర్గానా లోయలో మా కాలువ తలుపు కోసం ఏర్పడిన త్రిదేశ ఉమ్మడి కమిషన్‌కు నేను ఉప కార్యదర్శిని. కాలువకు ఇవతలి గట్టు మా కిర్గిజ్ వాళ్ళది, అవతలి గట్టు తాజిక్ వాళ్ళది. కాస్త దిగువకు పోతే నీళ్ళు ఉజ్బెక్ పొలాల్లో పడతాయి. సోవియట్ రోజుల్లో ఈ తలుపును ఒక ముసలాయన చక్రం తిప్పి ఎత్తేసేవాడు. ఎవరినీ అడిగేవాడు కాదు. ఎంత నిరంకుశత్వమో చూడండి!

ఇప్పుడు మేం నాగరికులం. పరస్పర విశ్వాసం కోసం ఆ తిప్పే సరంజామాను విప్పి పంచుకున్నాం. చక్రం మా దగ్గర, అది తగిలించే కడ్డీ తాజిక్ వాళ్ళ దగ్గర, రెంటినీ బిగించే నట్టు ఉజ్బెక్ వాళ్ళ దగ్గర. ముగ్గురూ వస్తేనే తలుపు లేస్తుంది. ఒకరినొకరు నమ్మడానికి ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ఎక్కడైనా ఉందా? దీన్నే బహుళపక్ష సహకారం అంటారు.

దీని విలువ తెలియనివాళ్ళూ ఉన్నారు. బయటివాళ్ళెందుకు, మా సాలమత్ అక్కే ఉంది. కాలువ గట్టునే ఆమె ఖుబానీ తోట. బావ పోయాక ఆమెకు ఉన్న ఆధారం అదొక్కటే. పళ్ళు ఎండబెట్టి అమ్ముకుని ఏడాదంతా గడుపుకుంటుంది. ఈ ఏడు కొండల మీద మంచు సరిగా పడలేదు. కాయ ఊరే సమయానికి కాలువ ఎండిపోయింది. తలుపు వెనక మాత్రం నీళ్ళు నిండుగా నిలబడి ఉన్నాయి.

ఒకరోజు అక్క ముడుచుకుపోయిన ఆకులు గుప్పెడు తెచ్చి నా బల్ల మీద పోసింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే చెట్లు దక్కవంది. నేను ఆ ఆకులను అనుబంధం-1గా స్వీకరించి, అత్యవసర సమావేశానికి సిఫార్సు చేశాను. ఆమె నా వంక చూసిన చూపును కృతజ్ఞత అనే అనుకున్నాను.

సమావేశం ఎక్కడ పెట్టాలి? ఒకరి ఆఫీసుకు మరొకరు రారు. చివరికి అక్క పెరట్లో ద్రాక్ష పందిరి కింది చోటే తటస్థ స్థలమని తేలింది. మూడు దేశాలనూ సమానంగా తిట్టే మనిషి ఈ చుట్టుపక్కల ఆమె ఒక్కతే మరి.

మొదటి అంశం, కాలువ పేరు. ముగ్గురికీ మూడు పేర్లు. గొడవెందుకని ‘సదరు జలమార్గం’ అని రాద్దామన్నాం. తాజిక్ న్యాయసలహాదారు లేచి, జలం లేనప్పుడు జలమార్గం ఎలా అవుతుందని నిలదీశాడు. సమంజసమే కదా! భోజనాల వేళకు ‘సదరు పల్లం’ అన్న మాట దగ్గర రాజీ కుదిరింది.

మా అందరికీ రష్యన్ వచ్చు. టీ తాగేటప్పుడు జోకులన్నీ అందులోనే. కానీ బల్ల దగ్గర కూర్చోగానే ఎవరి భాష వాళ్ళది, ఎవరి అనువాదకుడు వాళ్ళకు. మా అధ్యక్షుడు దగ్గితే పక్క అనువాదకుడు కూడా శ్రద్ధగా దగ్గాడు.

పులావు అయ్యాక అసలు విషయానికి వచ్చాం. మేం చక్రం పెట్టాం. వాళ్ళు కడ్డీ పెట్టారు. ఉజ్బెక్ ప్రతినిధి ఉత్త చేతులతో లేచి నిలబడ్డాడు. వాళ్ళ ఇంజనీరు ఇర్గాష్ గారు జెనీవా వెళ్ళారట. మా తలుపు ప్రపంచానికే ఆదర్శమని ఒక మహాసభలో ప్రసంగించడానికి. అక్కడ చూపించాలి కదా, నట్టు కూడా పట్టుకెళ్ళారట.

ఎంత గర్వకారణం! అందరం చప్పట్లు కొట్టాం. ఇర్గాష్ గారిని అభినందిస్తూ తీర్మానం రాయడం మొదలుపెట్టాం.

అప్పుడు వచ్చింది మా అక్క, టీ కూజా పట్టుకుని. మా వైపు అతిథికి పియాలాలో సగానికి తక్కువే పోస్తారు. మళ్ళీ పోయాలి, ఇంకాసేపు కూర్చోవాలి అని దాని భావం. అంచు దాకా పోశారంటే, తాగి దయచేయమని. అక్క అధ్యక్షుడితో మొదలుపెట్టి, జెండాల క్రమం తప్పకుండా, ప్రతి పియాలానూ పొర్లిపోయేలా నింపుకుంటూ పోయింది.

అనువాదకులకు పని పడలేదు. మూడు దేశాలూ ఒకేసారి లేచాయి. మా కమిషన్ చరిత్రలో సవరణలు లేకుండా ఆమోదం పొందిన నిర్ణయం అదొక్కటే.

వెళ్ళే ముందు గ్రూప్ ఫొటో ఉంటుంది కదా. ఏ గట్టు మీద దిగినా ఇంకొకరికి అభ్యంతరం. ఎవరికీ చెందని చోటు ఎండిన కాలువ నడుమ ఒక్కటే కనిపించింది. అందరం కిందికి దిగి, తలుపుకు వీపు పెట్టి నిలబడ్డాం. ఎవరి పక్కన ఎవరు నిలబడాలన్నది తేలేసరికి ఎండ వాలింది.

నేను సరిగ్గా మధ్యలో ఉన్నాను. తల తిప్పితే మర్యాద కాదు. వెనక నుంచి మాత్రం మాటలు వినబడుతున్నాయి. ఒక గొంతు అక్కది. రెండోది అవతలి గట్టు మీద ద్రాక్షతోట ఉన్న మహ్కామ్‌ది.

“చెల్లెమ్మా, నీ వైపు ముందు ఎత్తేయకు. తలుపు వంకరపోతే బిగుసుకుంటది.”

“నువ్వు మాటలు మాని జాకీ తిప్పు. మాట్లాడేవాళ్ళు మనకి చాలామందే ఉన్నారు, అదుగో నిలబడ్డారు.”

“సరే, ఇద్దరం కలిపి. ఊఁ... ఇంకో చుట్టు. లేచాక కింద దిమ్మలు దూర్చేద్దాం. ఈ జాకీ సాయంత్రానికి ఇచ్చేస్తానని హోల్మత్‌కి చెప్పాను, లారీ టైరు విప్పి కూచున్నాడంట దిగువన.”

“నీళ్ళు ఆయన పొలానికీ పోతాయిగా. కూచోనీ.”

ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు. నవ్వాం. బూట్లలోకి చల్లగా ఏదో దిగింది. ఆ తర్వాత మేజోళ్ళు తడిశాయి. ఒక్కరూ కదల్లేదు. మొదట కదిలిన దేశం వెనక్కి తగ్గినట్టు కాదూ!

గట్టెక్కి, ప్యాంట్లు పిండుకుంటూనే ప్రత్యేక సమావేశం జరిపాం. తలుపు తెరవడం అక్రమం, వెంటనే మూసేయాలి. మూయాలంటే చక్రం కావాలి, కడ్డీ కావాలి, నట్టు కావాలి. నట్టు జెనీవాలో ఉంది. తీరా అక్కడ ఎవరికో బాగా నచ్చి దాన్ని అద్దాల పెట్టెలో పెట్టారట, ఇర్గాష్ గారు వదిలేసి వచ్చారు. కాబట్టి తలుపు వేసవంతా తెరిచే ఉంది. బహుళపక్ష సహకారం లేకపోతే ఆ నీళ్ళు ఆ పూటే ఆగిపోయేవి. ఇప్పుడేమంటారు?

ఆ ఫొటో మా వార్షిక నివేదిక అట్ట మీద అచ్చయింది, ‘మూడు దేశాలు కలిసి తలుపు తెరిచిన శుభ సందర్భం’ అని. వెనక చిన్నగా, రెండు గట్ల మీదా వంగిన రెండు వీపులు కనిపిస్తాయి. వాటిని చెరిపేయాలని ప్రతిపాదన వచ్చింది గానీ, ఏకాభిప్రాయం కుదరలేదు.

పళ్ళు దించే రోజుల్లో నివేదిక తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. డాబా మీద ఖుబానీలు ఆరబోసి ఉన్నాయి. తోట కళకళలాడుతోంది. గోడవార వరస ఒక్కటి మాత్రం ఎండి కట్టెలై నిలబడింది. అవి మా నాన్న నాటిన చెట్లు. వాటి వైపు చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.

అక్క పియాలాలో సగానికి తక్కువగా టీ పోసి ఇచ్చింది. కూర్చున్నాను. ఆమె ఆ ఫొటో చాలాసేపు చూసింది.

“తమ్ముడూ,” అంది, “వచ్చే ఏడు ఈ ఫొటో కాస్త ముందే దిగండి. ఇంకో వారం ముందు మీరు అటు తిరిగుంటే నాన్న చెట్లు బతికేవి.”

తేదీ నా చేతిలో లేదక్కా, మూడు దేశాలూ ఒప్పుకోవాలి కదా అన్నాను.

ఆమె నా పియాలా తీసుకుని అంచు దాకా నింపింది.