బ్రహ్మచారి ఉప్పు మూట

ఆ పొద్దున రాజనర్సు పథకం చాలా చిన్నది. ఎనిమిదింటి బస్సు వచ్చేలోగా నిటారుగా నిలబడాలి. నిన్న సూరత్ పక్కన సచిన్‌లోని మిల్లులో దారపు బీము ఎత్తబోతే నడుము పట్టేసింది. కొడవలిలా వంగిపోయిన అతన్ని చూసి సేటు, "కల్ సీధా ఖడా హో, తో తూ మాస్టర్. నహీ తో శివకృష్ణ!" అని తేల్చేశాడు. రేపు నిటారుగా నిలబడితే తను మాస్టర్, లేకపోతే పక్క మగ్గం శివకృష్ణ. పదకొండేళ్లుగా మగ్గాల మధ్య పరుగెత్తుతున్నవాడికి ఆ మాస్టర్ పదవి ఒక్కటే ఆశ. తమాషా ఏమిటంటే, ఆ మాట అన్న సేటుకే ఏళ్ల తరబడి నడుంనొప్పి. పరుపు గద్దె మీంచి లేపాలంటే ఇద్దరు కావాలి.

పక్కింటి బ్రహ్మచారి రానే వచ్చాడు. పల్సానాలో అద్దకం మిల్లు బాయిలర్ దగ్గర పనిచేస్తాడు కాబట్టి, వేడి అంటే తన సొంత ఆస్తి అని ఆయన నమ్మకం.

"గోలీలు గీలీలు వద్దు నర్సూ, ఉప్పు కాపడం వెడ్దాం. వేడి ఎప్పుడన్నా ఎక్కువున్న కాడినుంచి తక్కువున్న కాడికే పోతది. గంతే!"

రాజనర్సు భార్య సుభాషిణి పెనం మీద ఉప్పు చిటపటలాడించింది. "మూటకు నూలుబట్ట లేదన్నా. ఇంట్ల అన్నీ మిల్లు ముక్కలే, పాలిస్టర్."

"వేడికి బట్టతోటి ఏం పనమ్మా? కట్టు!"

సొంత ఊళ్లో అయితే పాత ధోవతి చింపేవారు. సూరత్‌లో ధోవతి కూడా పాలిస్టరే.

మూట నడుముకు ఆనగానే రాజనర్సు హాయిగా "అబ్బ" అన్నాడు. రెండో "అబ్బ" వేరే స్వరంలో వచ్చింది. మూట కట్టిన గులాబీల చీరముక్క కరిగి చిల్లిపడి, ఉప్పంతా లుంగీలోకి జారింది. అతను గుమ్మం దాటి, మెట్లు దాటి, కింద ఉన్న నీళ్ల డ్రమ్ములో వెళ్లి కూర్చున్నాడు.

"వేడి లోపలికి పోయిందా నర్సూ?" పైనుంచి బ్రహ్మచారి కేకేశాడు.

"పోవాల్సినదానికంటే ఎక్కువే పోయిందే!"

డ్రమ్ములోంచి లేచాక చూసుకుంటే, నడుము నిట్రాడలా నిలబడి ఉంది!

నిన్నటి వంకర ఏమైందని మిల్లులో సేటు నోరు తెరిచాడు. "కల్ తో తూ టేఢా థా! క్యా కియా?"

రాజనర్సు ఊరుకుంటే సరిపోయేది. ఉప్పు కాపడం తమ ఊరి వైద్యమని గొప్పలకు పోయాడు. చిల్లి సంగతి మాత్రం మింగేశాడు. తనకూ పెట్టమని సేటు అప్పటికప్పుడు గద్దె మీద బోర్లా పడుకున్నాడు. "ముఝే భీ కర్. అభీ!"

క్యాంటీన్‌లో ఉప్పు వేడెక్కుతుంటే రాజనర్సుకు చెమటలు పట్టాయి. సేటు వీపు కాలితే మాస్టర్ పదవి మాట దేవుడెరుగు, ఉన్న మగ్గం కూడా పోతుంది. నూలుబట్ట కోసం పనివాళ్లంతా మిల్లు గాలించారు. రోజుకు వేల మీటర్లు నేసే చోట జానెడు నూలు దొరకలేదు. గద్దె గలీబు పాలిస్టర్. కర్టెన్లు పాలిస్టర్. శివకృష్ణ పాపం మంచివాడు, తన చొక్కా విప్పి ఇచ్చాడు. అదీ పాలిస్టరే.

చొక్కా విప్పిన అతన్ని చూశాక గానీ రాజనర్సుకు వెలగలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దున కాపడం కోసం వీపు మీదికి మడిచి పెట్టుకున్న, ఇప్పుడూ చొక్కా కింద ఉన్న తన బనీను నూలుదే! సిగ్గుతో చచ్చిపోతూ దాన్ని విప్పి, ఉప్పు మూట కట్టాడు.

పావుగంటలో సేటు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. అక్కడికక్కడే రాజనర్సును మాస్టర్‌ని చేశాడు. షరతు ఒక్కటే, రోజూ పొద్దున కాపడం పెట్టాలి.

నెల తిరిగేసరికి సేటు మెట్లు గబగబా ఎక్కుతున్నాడు. గద్దె మీదికి వంగి వంగి కొత్త మాస్టర్ నడుము మళ్లీ కొడవలి అయింది.

బ్రహ్మచారి సూత్రం ఎక్కడా తప్పలేదు: వేడి మూట నుంచి సేటుకు పోయింది, నొప్పి సేటు నుంచి మాస్టరుకు వచ్చింది.