డబ్బాలో రెండు పైథాన్లు

ఆ సోమవారం పొద్దున కోమల పెట్టుకున్న పని చిన్నదే. లారీల రద్దీ మొదలయ్యేలోపు ఆఫీసు కంప్యూటర్లో కొత్త పైథాన్ ఎక్కించాలి, తర్వాత తీరిగ్గా చాయ్ తాగాలి. పైథాన్ అంటే ప్రోగ్రాములు రాసే భాష. పద్మాపూర్ గని గేటు పక్కన సారయ్య సేట్‌కు బొగ్గు రవాణా కంపెనీ ఉంది. లారీ కాంటా ఎక్కగానే బరువు చదివి చిట్టీ కొట్టే ప్రోగ్రాము ఆ భాషలో రాసిందే. నాగపూర్ నుంచి మారుతి అనే ఇంజినీరు వచ్చి కంప్యూటర్లో దాన్ని నడిపించే లినక్స్ పెట్టి, ఆ ప్రోగ్రాము రాసి, ఏమన్నా అయితే ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు. అది రెండు వేల ఒకటో సంవత్సరం. అప్పటినుంచి దాని బాగోగులన్నీ, బాబుపేట్ నుంచి రోజూ బస్సులో వచ్చే కోమలవే.

సేట్‌కు ఈ మధ్య రంగుల గీతలున్న నెలవారీ రిపోర్టు మీద మనసు పడింది. ఆ గీతలు గీసే ప్రోగ్రాముకు కొత్త పైథాన్ కావాలి. ఒక పత్రికతో వచ్చిన సీడీలో అది దొరికింది. తీరా ఎక్కించబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. అదే పేరుతో పాతది ఇప్పటికే ఉందనీ, దాన్ని తీస్తే దాని మీద ఆధారపడినవి పాడవుతాయనీ తెర మీద రాసింది. కోమల ఆ మాటను, మందు సీసా మీద సన్నక్షరాలను చదివినట్టు చదివింది. కొత్త స్టవ్వు వచ్చాక పాతది అటకెక్కడం ఏ ఇంట్లోనైనా జరిగేదే కదా అనుకుని, బలవంతంగా పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టేసింది.

మొదటి లారీ కాంటా ఎక్కింది. చిట్టీ రాలేదు. లారీని దింపి మళ్ళీ ఎక్కించారు. అయినా రాలేదు. బరువు చదివే ముక్క పాత పైథాన్‌కు తగ్గట్టు కట్టింది, కొత్తది దాన్ని గుర్తే పట్టలేదు. చిట్టీ లేని లారీని గని గేటు వదలదు. మధ్యాహ్నానికి రైల్వే సైడింగులో గూడ్సు నిండకపోతే సేట్ కాంట్రాక్టు పోతుంది, అంతకంటే ముందు కోమల ఉద్యోగం పోతుంది. చూస్తుండగానే గేటు నుంచి రోడ్డు మలుపు దాకా లారీలు వరసకట్టాయి.

కోమల నాగపూర్‌కు ఫోన్ కలిపింది. లైను గరగరలాడుతోంది. గొంతు చించుకోక తప్పలేదు. కంప్యూటర్‌ను డబ్బా అనడం ఆమెకు అలవాటు.

"మారుతి సార్! పైథాన్ సార్! పాతదాన్ని తీసేసిన! నేనే తీసిన!... ఆఁ, కొత్తది డబ్బాలనే ఉంది. కానీ ఏది ముట్టినా మీదికొస్తుంది సార్!"

అవతల మారుతి తల పట్టుకుని, నెమ్మదిగా దారి చెప్పాడు. అలమరాలో లినక్స్ సీడీలున్నాయి. పత్రిక సీడీతో ఎక్కించినదాన్ని తీసేసి, వాటిలోంచి పాతదాన్ని మళ్ళీ పెట్టాలి. కొత్తది కూడా వాటిలోనే 'పైథాన్2' అనే వేరే పేరుతో ఉంటుంది. పేర్లు వేరు, అరలు వేరు గనుక రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా పక్కపక్కనే ఉంటాయి.

"తీసినదాన్ని మళ్ళ పెట్టాల్నా?" అని కోమల అరిచింది. "రెండు పైథాన్లు ఒక్క డబ్బాల ఉంటయా సార్? కొట్లాడుకోవా?"

చిట్టీ సంగతి అడుగుదామని వచ్చిన డ్రైవర్ పోచన్న ఈ కేకలన్నీ విని గడప దగ్గరే ఆగిపోయాడు. లారీ స్టీరింగు పట్టకముందు అతను తాడోబా అడవిలో టూరిస్టులను జీపులో తిప్పేవాడు. ఇంగ్లీషులో నాలుగు జంతువుల పేర్లు నేర్చుకున్నాడు. అందులో పైథాన్ ఒకటి.

"మేడమ్! మీరు జల్ది బయటికి రండ్రి!" అని కేకేశాడు.

ఎవరి కాలో లారీ కింద పడిందనుకుని కోమల ఫోన్ పడేసి పరుగెత్తింది. ఆమె బయట కాలు పెట్టగానే పోచన్న తలుపు లాగి గొళ్ళెం పెట్టాడు.

"ఏందిది పోచన్నా? నేను లోపలికి పోవాలె!"

"లోపల అజగర్ ఉందట!" అని పోచన్న డ్రైవర్లందరికీ వినబడేలా చెప్పాడు. "కొండచిలువ! రెండున్నయట. మేడమ్ ఒకదాన్ని తీసేసిందట, ఇంకోటి డబ్బాల కూసుందట!"

లారీలు ఎందుకాగాయో ఇప్పుడు అందరికీ అర్థమైంది. కోమల పాము కాదని చెప్పబోయింది గానీ, అప్పటికే నలుగురు ఆమె చేతులు తిప్పి చూస్తూ కాట్లు వెతుకుతున్నారు. అంతలో సారయ్య సేట్ జీపు దిగాడు.

"బిడ్డా, నువ్వు తీసినవట? ఉత్త చేతులతోనా?"

"కీబోర్డుతోని తీసిన సేట్."

"కీబోర్డుతో కొట్టినవా! సచ్చిందా మరి?"

"లేదు సేట్. దాన్ని మళ్ళ లోపల పెట్టాలె. అది లేకుంటే పని నడవది."

సేట్ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత క్యాంటీన్‌కు వెళ్ళి భద్రావతికి ఫోన్ చేశాడు. పాములను పట్టి అడవిలో వదిలే సర్పమిత్ర అక్షయ్ ఉండేది అక్కడే.

అక్షయ్ ఇనుప కొక్కెం, గోనెసంచితో మోటారు సైకిల్ మీద వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. అంతవరకు కోమలను ఎవరూ తలుపు దగ్గరికి పోనివ్వలేదు. జనం దారి ఇచ్చారు. కోమల కూడా అతని వెనకే నడిచింది.

"తాయి, తుమ్హీ బాహేరచ్ థాంబా" అన్నాడతను మరాఠీలో, అక్కా మీరు బయటే ఆగండని.

"నేను లేకుంటే అది మీకు దొరకది" అంది కోమల. అది నిజమే గనుక ఆమె గొంతు తడబడలేదు. జనం మధ్య ఒక మెచ్చుకోలు గుసగుస పాకింది.

లోపల అక్షయ్ బల్ల కింద చూశాడు, అలమరా వెనక చూశాడు. "కుఠే ఆహే? పాము ఏది?"

కోమల కంప్యూటర్ తెర వైపు వేలు చూపించి, రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. అక్షయ్ కొక్కెం గోడకు ఆనించి కుర్చీలో కూలబడ్డాడు. ఈలోగా ఆమె సీడీ తీసి, పత్రిక పైథాన్‌ను దింపి, పాతదాన్ని దాని చోట పెట్టి, పైథాన్2ను దాని పక్కన ఎక్కించింది. ప్రోగ్రాము నడిపింది. ప్రింటరు ఒక్కసారిగా గర్రుమని లేచి కీచుమని చిట్టీ కక్కింది. ఆ చప్పుడుకు కిటికీ దగ్గరున్న డ్రైవర్లు వెనకవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ రోడ్డెక్కారు.

"అయిపాయె" అంది కోమల. "పదండ్రి, బయట నిజం చెప్పేద్దాం."

"తాయి, నీకు చిట్టీ అచ్చింది. నా సంగతేంది?" అన్నాడు అక్షయ్. "గంత మంది చూస్తుండ్రు. ఉత్త సంచితోని పోతే రేపటి నుంచి నన్నెవరు పిలుస్తరు?"

ఆమె జవాబు చెప్పేలోపే అతను మూల పడున్న చెడిపోయిన ప్రింటరు కాగితాల చుట్టను సంచిలో కుక్కి, మూతి బిగించి కట్టాడు. ఒక పక్కకు ఒరిగిపోతూ దాన్ని మోసుకుని బయటికి నడిచాడు. చప్పట్లు మోగాయి. మోటారు సైకిల్ భద్రావతి దారి పట్టింది.

సరిగ్గా అప్పుడే గని మేనేజరు జీపు వచ్చి ఆగింది. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"పొద్దటి నుంచి ఒక్క లారీ కదలలే. కారణం ఏంది?"

కోమల కళ్ళు మూసుకుని నిజమే చెప్పింది. "పైథాన్, సార్."

మేనేజరు దూరమవుతున్న గోనెసంచిని చూశాడు. జీపులోంచి కిందికి పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఒక్కటేనా?"

"రెండు సార్. లోపలున్నది ఏం చెయ్యది. దాని జాగాల అది ఉంటది."

"సైడింగోళ్ళకు నేను చెప్త. సాయంత్రం దాక గూడ్సు ఆగుతది" అని మేనేజరు డ్రైవర్ భుజం తట్టాడు. జీపు దుమ్ము లేపుకుంటూ తిరిగిపోయింది.

లారీలు కదిలాయి. చిట్టీలు టకటకా వచ్చాయి. ఉద్యోగం నిలిచింది గానీ, నిజం చెప్పలేదన్న ముల్లు కోమల మనసులో గుచ్చుకుంటూనే ఉంది. సాయంత్రం సేట్ తన చేతులతో చాయ్ తెచ్చి, గడప అవతల నుంచే అందించాడు.

"సేట్, మీకొక మాట చెప్పాలె. అది నిజం పాము కాదు..."

"వద్దు బిడ్డా, దాని ముచ్చట నాకు చెప్పకు. పేరు వింటేనే నాకు కాళ్ళు వణుకుతయి. రంగుల రిపోర్టుకు గూడ అదే కావాలంటివి గద, ఆ రిపోర్టు గూడ వద్దు. దాన్ని మాత్రం నువ్వే చూస్కో."

ఆ రోజు తర్వాత కోమల తప్ప ఇంకెవరూ ఆ కంప్యూటర్‌ను ముట్టుకోలేదు. అందుకే కాబోలు, అది చాలా ఏళ్ళు బాగా పనిచేసింది.