ఎడమచేతి సంబంధం

ఆ ఆదివారం పొద్దున భానుప్రకాష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సెక్కి ఊరి శివార్లలోని గాస్‌ఫోర్త్ వెళ్ళడం, శేషగిరిగారి ఇంట్లో కాఫీ తాగడం, ఆయన చెల్లెలు శ్రీజని తమ యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టులో ఆడనివ్వమని అడగడం, భోజనం వేళకి తిరిగొచ్చెయ్యడం. ఇందులో పొరపాటు జరగడానికి చోటెక్కడుందని ఎవరైనా అడగవచ్చు. లేని చోటు కల్పించుకోవడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు.

భానుప్రకాష్ ఒంగోలు నుంచి ఇంగ్లండులోని న్యూకాసిల్‌కి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చిన కుర్రవాడు. చిన్నప్పుడు వీధి క్రికెట్లో అతన్ని ఏ జట్టూ కోరుకునేది కాదు. మురిక్కాలవలో పడ్డ బంతి తియ్యడానికి మాత్రం రెండు జట్లూ పిలిచేవి. ఇక్కడ బేస్‌బాల్ క్లబ్బులో చేరాక కూడా అతని బ్యాటు ఒక దారి, బంతి ఒక దారి. అయితే కోచ్ వాల్టర్స్ అమెరికా నుంచి పరిశోధనకి వచ్చిన మనిషి, ఎవర్నీ ఊరికే పారేసే రకం కాదు. ఈ కుర్రవాడికి ఆడటం రాకపోయినా, ఎవరు ఆడగలరో దూరం నుంచే పసిగట్టే కన్ను ఉందని గమనించి అసిస్టెంట్ కోచ్‌ని చేసేశాడు. తమ దేశపు కాలేజీల్లో పేరు హెడ్ కోచ్‌కి వస్తుందనీ, జట్టు మాత్రం అసిస్టెంట్ కోచ్ కాళ్ళరిగేలా తిరిగితేనే తయారవుతుందనీ చెప్పాడు. జీతం లేదు గానీ, వీపు మీద ‘కోచ్’ అని రాసిన నీలం జర్కిన్ ఒకటి ఇచ్చారు. జీవితంలో మొదటిసారి ఒక జట్టు తనని కావాలనుకుంది కదా, ఆ జర్కిన్‌ని ఉతకడానికి కూడా అతనికి మనసొప్పేది కాదు.

ఇప్పుడు ఆ జర్కిన్‌కే ఎసరొచ్చింది. బేస్‌బాల్‌కి తొమ్మిదిమంది కావాలి. ఆ పోటీల్లో కోచ్‌లు ఆడకూడదు, జట్టులో ఉన్నది ఎనిమిదిమంది. మనుషులు చాలక అప్పటికే రెండు మ్యాచ్‌లు ఆడకుండానే ఓడిపోయారు. మరోసారి అలా జరిగితే క్లబ్బు మూసేస్తామని స్టూడెంట్స్ యూనియన్ వాళ్ళు తెగేసి చెప్పారు. తరవాతి మ్యాచ్ వచ్చే ఆదివారమే.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం అతను బస్సు కోసం నిలబడి ఉండగా, ఒకమ్మాయి మేడమీద కిటికీలో ఉన్న స్నేహితురాలికి తాళాలగుత్తి విసిరింది. ఎడమ చేత్తో విసిరింది. అది తిన్నగా వెళ్ళి ఆ పిల్ల దోసిట్లో పడింది. భానుప్రకాష్ వచ్చిన బస్సు వదిలేసుకున్నాడు. బేస్‌బాల్‌లో బంతి విసిరే మనిషిని పిచర్ అంటారు. ఎడమచేతివాటం పిచర్ దొరికితే ఎదుటి జట్టుకి దిక్కు తోచదు. వాళ్ళ పోటీల్లో ఆడా మగా కలిసి ఆడవచ్చు కూడా. అతను పరిగెత్తుకెళ్ళి పరిచయం చేసుకుని విషయం చెప్పాడు. ఆమె పేరు శ్రీజ. రాజమండ్రి నుంచి మాస్టర్స్‌కి వచ్చి అన్నావదినల ఇంట్లో ఉంటోంది.

“నాకు ఆడాలనే ఉందండి. సాయంత్రాలు ప్రాక్టీసంటే మా ఇంట్లో ఒప్పుకోవాలి. వచ్చి మా వదినని అడగండి,” అంది.

కోచ్ వాల్టర్స్ సంబరపడి, తన దేశపు ఆచారం చెప్పాడు. మంచి ఆటగాళ్ళ కోసం అసిస్టెంట్ కోచ్ ఇంటికే వెళ్ళాలట. పెద్దవాళ్ళతో కూర్చోవాలి, పెట్టింది తినాలి, ఔననేదాకా లేవకూడదు. ముందు ఇంటిని గెలిస్తే ఆటగాడు వెనకాలే వస్తాడని ఆయన సిద్ధాంతం.

ఒకరింటికి పెద్దదిక్కు లేకుండా వెళ్ళడం బాగుండదని భానుప్రకాష్‌కి తోచింది. తను అద్దెకుంటున్న ఇంటి ఓనరు వెంకటాచలం అంకుల్‌ని తోడు రమ్మన్నాడు. కథ దారి తప్పింది ఇక్కడే. వెంకటాచలంగారు ఆసుపత్రి ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. కుర్రవాడికి చదువు తప్ప వేరే ధ్యాస లేకుండా చూస్తానని ఒంగోలులో ఉన్న తండ్రికి ఫోన్లో మాటిచ్చినవాడు. ఆయన దగ్గర ఆటల మాట ఎత్తితే అది సాయంత్రానికి ఒంగోలు చేరుతుంది. అందుకని మనవాడు తల వంచుకుని ముక్తసరిగా చెప్పాడు.

“గాస్‌ఫోర్త్‌లో ఒకమ్మాయి ఉందంకుల్. వాళ్ళ పెద్దవాళ్ళతో మాట్లాడాలి. మీరు పక్కనుంటే బాగుంటుంది.”

వెంకటాచలంగారి కళ్ళు చెమర్చాయి. ఈ దేశం వచ్చాక తనని పెద్దమనిషిగా ముందు పెట్టుకుని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఆయన వెంటనే శేషగిరిగారి నంబరు సంపాదించి ఫోన్ చేశారు. అబ్బాయి ఊరు, చదువు, గోత్రం చెప్పి, ఆదివారం వర్జ్యం దాటాక వస్తామన్నారు. ఆపిల్స్, అరటిపళ్ళు, స్వీట్ల డబ్బా కొన్నారు. బస్సులో ఆ సంచి చూసి, అంకుల్‌కి మర్యాదలు బాగా తెలుసు అనుకున్నాడు భానుప్రకాష్.

శేషగిరిగారి ఇంటి తలుపు తెరుచుకునేసరికి లోపలినుంచి పులిహోర పోపు, వేడి బజ్జీల వాసన కలిసి వచ్చాయి. ఆయన భార్య అలివేలుమంగ పట్టుచీర కట్టుకుని ఎదురొచ్చింది. కోచ్ చెప్పింది అక్షరాలా నిజమే అనుకుని భానుప్రకాష్ బజ్జీలు తినడం మొదలుపెట్టాడు.

అలివేలుమంగకి మాత్రం ఒక భయం ఉంది. కిందటేడు ఆవిడే ఆడపడుచుకి రాజమండ్రిలో ఒక సంబంధం కుదిర్చింది. అంతా అయిపోయిందనుకున్నాక, శ్రీజ మంచినీళ్ళ గ్లాసు ఎడమచేత్తో అందివ్వడం పిల్లవాడి తల్లి చూసింది. ఆ సాయంత్రం నుంచి వాళ్ళు ఫోనెత్తలేదు. శ్రీజ వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ బాధ ఆవిడ మనసులో ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే ఇవాళ శ్రీజ ఎడమచేతికి కర్చీఫ్ ఇచ్చి, పిడికిలి విప్పితే ఒప్పుకోనని చెప్పి లోపలి గదిలో కూర్చోబెట్టింది. శ్రీజ ముందు గదిలోకి వస్తూనే వదిన చీర, పళ్ళ పళ్ళెం, వెంకటాచలంగారి కోటు, భానుప్రకాష్ జర్కిన్ వరసగా చూసింది. ఎవరు దేనికి వచ్చారనుకుంటున్నారో ఆమెకి అర్థమైపోయింది. పెదవి కొరుక్కుని వదిన పక్కన కూర్చుంది.

భానుప్రకాష్ గొంతు సవరించుకుని, భుజం నెప్పులేమైనా ఉన్నాయా, చూపు బాగుందా, కాస్త పరిగెత్తగలరా అని అడిగాడు. ఈకాలం పిల్లలు అన్నీ చూసుకుంటున్నారని శేషగిరి సర్దిచెప్పుకున్నాడు. ఇంతలో రానే వచ్చింది ఆ ప్రశ్న.

“మీది ఎడమచేతివాటం కదండీ?”

అలివేలుమంగ మొహం పాలిపోయింది. “చిన్నప్పటి అలవాటు బాబూ. మానిపించేస్తున్నాం,” అంది మెల్లిగా.

భానుప్రకాష్ కంగారుపడి తినే బజ్జీ పక్కన పెట్టేశాడు. “అయ్యో, మానిపించకండి. ఎడమ చెయ్యి అనే కదా మేం వెతుక్కుంటూ వచ్చాం. కుడిచేతివాళ్ళు మాకు బోలెడుమంది ఉన్నారు.”

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇన్నాళ్ళకి దేవుడు చల్లగా చూశాడనుకుంది. శేషగిరి మాత్రం ఆ బోలెడుమంది అన్న మాట దగ్గర కొంచెం ఆగాడు. ఆ తరవాత మాటలన్నీ అలాగే నడిచాయి. తమకేమీ అక్కర్లేదనీ, బట్టలు తామే పెడతామనీ, ప్రయాణాల ఖర్చు కూడా తమదేననీ భానుప్రకాష్ చెప్పాడు. ఒక్క ఏడాది తమతో ఉంటే చాలనీ, ఆ తరవాత ఇంతకంటే మంచిది దొరికి వెళ్ళిపోతానన్నా అడ్డు చెప్పమనీ అన్నాడు. శేషగిరికి కాఫీ కొరబోయింది. వెంకటాచలంగారు బల్ల కింద మనవాడి కాలు తొక్కి, పిల్లవాడికి హాస్యం ఎక్కువని వివరించారు.

ఒకర్నొకరు తెలుసుకోవడానికి బుధవారం సాయంత్రం ఎక్కడైనా కాఫీ తాగితే బాగుంటుందేమో అని అలివేలుమంగ ఉదారంగా అంది. బుధవారం ఒక్కటే చాలదనీ, రోజూ సాయంత్రం పంపాలనీ, మిగతా ఎనిమిదిమంది కూడా ఉంటారు కాబట్టి భయపడక్కర్లేదనీ భానుప్రకాష్ బతిమాలాడు.

“ఉమ్మడి కుటుంబం,” అంది అలివేలుమంగ భర్త చెవిలో, ఆనందంగా.

ఆదివారం లోపల ఒక మాట చెప్పమని దణ్ణం పెట్టి భానుప్రకాష్ బయటపడ్డాడు.

మర్నాడు వదిన కాఫీకని పంపితే శ్రీజ ప్రాక్టీసుకి వచ్చింది. బంతి చేతికిస్తే తాళాలగుత్తి కంటే తిన్నగా విసిరింది. ఆనందం పట్టలేక, మీ ఇంట్లో ఎంత మంచివాళ్ళండీ అన్నాడు భానుప్రకాష్. అప్పుడు చెప్పింది ఆమె, వాళ్ళింట్లో ఏమనుకుంటున్నారో. అతను ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పేస్తానని బయల్దేరాడు.

“చెప్పండి. రేపట్నుంచి నేను రాను. మీరు మళ్ళీ ఎనిమిదిమందే,” అంది శ్రీజ. తరవాత గొంతు తగ్గించి, “ఈ చేత్తో ఏదైనా చేస్తే నలుగురు చూసి బాగుందనడం నాకిదే మొదటిసారండి. ఆదివారం దాకా ఆగలేరా?” అని అడిగింది.

భానుప్రకాష్ ఆగాడు. ఆగాడంటే మింగలేక కక్కలేక వారమంతా గడిపాడు. అలివేలుమంగ రోజూ శ్రీజ చేత అతనికో టిఫిన్ డబ్బా పంపేది. అందులో ఏముందో చూడకుండా ఎనిమిదిమందికీ పంచిపెట్టేసేవాడు. మ్యాచ్ అవ్వగానే ఆ ఇంటికి వెళ్ళి కాళ్ళమీద పడాలని నిర్ణయించుకున్నాడు.

కానీ ఆదివారం లోపల మాట చెప్పమన్నది అతనే. చెప్పడానికి ఆదివారమే మంచి రోజని పంచాంగం చూసి, అబ్బాయికి చెప్పకుండా ఏర్పాటు చేసినవారు వెంకటాచలంగారు. తాంబూలాలకి పెద్దవాళ్ళుండాలని అలివేలుమంగ నార్తాంప్టన్ నుంచి తన పెద్దమ్మ శాంతకుమారిని రప్పించింది. అందరూ పళ్ళేలు పట్టుకుని అంకుల్ ఇంటికి వెళితే అబ్బాయి లేడు. పక్క గది కుర్రవాడు, ఆట మైదానంలో ఉంటాడని చెప్పాడు. మైదానమైతే మాత్రమేం, ముహూర్తం దాటిపోతుందని వెంకటాచలంగారు ట్యాక్సీ పిలిచారు.

వాళ్ళు వెళ్ళేసరికి ఆట చివరికి వచ్చింది. శ్రీజ జట్టు ఒకే ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది. స్నేహితురాలి పుట్టినరోజుకని వెళ్ళిన చెల్లెలు మోకాళ్ళ దాకా బురదతో, తలమీద టోపీతో, మైదానం మధ్య నిలబడి బంతి విసురుతుండగా శేషగిరి చూశాడు. గీతలూ గిరులూ లెక్క చెయ్యకుండా తిన్నగా లోపలికి నడిచాడు. అంపైరు ఆట ఆపేశాడు. భానుప్రకాష్ పరిగెత్తుకొచ్చాడు.

“తప్పంతా నాదండీ. మేం సంబంధానికి రాలేదు. ఈ ఆటకి శ్రీజగారిని పంపమని అడగడానికి వచ్చాం. మీరనుకున్నది సోమవారమే తెలిసింది. చెప్పే ధైర్యం లేకపోయింది.”

వెంకటాచలంగారు కోటుతో సహా గడ్డిమీద కూలబడ్డారు. శేషగిరి భానుప్రకాష్ వైపు చూడనైనా లేదు. “శ్రీజా, పద ఇంటికి,” అన్నాడు. శ్రీజ చేతి తొడుగు తీసి మెల్లిగా నేలమీద పెట్టింది. తొమ్మిదో మనిషి వెళ్ళిపోతే మ్యాచ్ మాదే అన్నట్టు ఎదుటి జట్టు వాళ్ళు సంచులు సర్దుకోసాగారు. భానుప్రకాష్ జర్కిన్ జిప్పు లాగి విప్పడం మొదలుపెట్టాడు.

అలివేలుమంగ కదల్లేదు. ఆవిడ వచ్చినప్పటినుంచి ఒక్కటే చూస్తోంది. అంతకుముందు నిమిషంలో ఆరడుగుల మనిషి ఒకడు శ్రీజ విసిరిన బంతులకి మూడుసార్లూ గాలిని కొట్టి తలదించుకుని వెళ్ళడం, ముక్కూ మొహం తెలియనివాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం ఆవిడ కళ్ళారా చూసింది.

“ఇదిగో అబ్బాయ్,” అంది. “ఎడమ చెయ్యి అనే వచ్చామన్నావు. అదైనా నిజమేనా?”

“అదొక్కటీ నిజమేనండీ. ఆ చెయ్యి లేకపోతే మా జట్టే లేదు.”

అలివేలుమంగ పళ్ళెం శాంతకుమారి చేతిలో పెట్టి భర్త దగ్గరికి వెళ్ళింది. “ఏవండీ, ఇన్నాళ్ళూ ఈ చెయ్యి చూసి మన గుమ్మం దిగిపోయినవాళ్ళనే చూశాం. ఈ చెయ్యి కావాలని గుమ్మం ఎక్కినవాళ్ళు వీళ్ళే. ఆడనివ్వండి. తిట్టేది ఇంటికెళ్ళి తిడదాం.”

ఆ గొంతు తెలిసిన మనిషి కాబట్టి శేషగిరి గీత అవతలికి వచ్చి నిలబడ్డాడు. శ్రీజ తొడుగు వేసుకుంది. ఇంకా ఇద్దర్ని ఔటు చెయ్యాలి. ఇద్దరూ అయ్యారు. ఆఖరివాడు ఔటైనప్పుడు ముందుగా చప్పట్లు కొట్టింది ఎవరని అడిగితే శేషగిరి ఇప్పటికీ ఒప్పుకోడు. తాంబూలాల స్వీట్లు రెండు జట్లూ తిన్నాయి, క్లబ్బు బతికింది. ఆ సాయంత్రం భానుప్రకాష్ తిట్లు తిన్నాడు, వాటితోపాటు పులిహోర కూడా తిన్నాడు.

ఆ తరవాత జరిగింది ఎవరూ ఊహించనిది. సంబంధాల కోసం వెతికి వెతికి, న్యూకాసిల్ నుంచి లండన్ పక్క స్టాన్‌మోర్ దాకా ఏ తెలుగు పిల్లవాడి ఎత్తెంతో, ఎవరి పిల్ల చురుకైనదో అలివేలుమంగకి కంఠతా వచ్చు. యూనివర్సిటీలో కొత్తగా చేరే తెలుగు పిల్లల ఇళ్ళకి ఆవిడే ఫోన్లు చేసింది. తల్లుల్ని ఒప్పించింది. సెప్టెంబరు వచ్చేసరికి క్లబ్బుకి రెండో జట్టు కూడా తయారైంది. వాల్టర్స్ ఆవిడకీ ఒక నీలం జర్కిన్ కుట్టించి, ఇలాంటి అసిస్టెంట్ కోచ్‌ని అమెరికాలో కూడా చూడలేదన్నాడు. ఆవిడ దాన్ని చీరమీదే వేసుకుంటుంది.

సీజను ముగిశాక ఒక పొద్దున భానుప్రకాష్ వెంకటాచలంగారి ముందు నిలబడి, గాస్‌ఫోర్త్ వెళ్ళాలి అంకుల్ అన్నాడు. ఆయన వెంటనే కదల్లేదు. దేనికో విడమర్చి చెప్పమన్నారు. ఈసారి సంబంధానికేనని మనవాడు చెబితే, మరోసారి చెప్పించుకుని అప్పుడు పళ్ళు కొన్నారు.

అదే గది, అవే బజ్జీలు. ఎదురుగా జర్కిన్ వేసుకున్న అలివేలుమంగ. భుజం నెప్పులేమైనా ఉన్నాయా, చూపు బాగుందా, కాస్త పరిగెత్తగలవా అని ఆవిడ వరసగా అడిగింది. శ్రీజ కాఫీ గ్లాసు ఎడమచేత్తోనే తెచ్చి అతనికిచ్చి, నవ్వు ఆపుకుంటూ వదిన పక్కన కూర్చుంది.

భానుప్రకాష్ ఆ గ్లాసు కుడిచేత్తో అందుకోవడం అలివేలుమంగ కాసేపు పరీక్షగా చూసింది.

“పిల్లవాడు మంచివాడే. కాకపోతే కుడిచేతివాళ్ళు మాకు బోలెడుమంది ఉన్నారు,” అంది. “ఇంకో సీజను చూసి చెబుతాం.”